చుక్క ఎందుకు ఎగురుతుంది? పోటీకి పీసీసీని సరిచేసుకోవడంలో అసలు లెక్క

పిస్టల్ తూటా చిన్నది, కార్బైన్ బరువైనది. మూడు కిలోల తుపాకీలో 9 ఎంఎం తూటా పేలిస్తే భుజానికి పెద్దగా ఏమీ తెలియకూడదు. కానీ పిస్టల్ క్యాలిబర్ కార్బైన్, అందరూ పిలిచే పేరుతో పీసీసీ, మొదటిసారి పట్టినవాళ్లకు ఒక్క మ్యాగజైన్ అయ్యేలోపే ఒక వింత ఎదురవుతుంది. గురి చూసే రెడ్ డాట్ అద్దంలోని చుక్క లక్ష్యం మీద నిలవదు. పైకి లేస్తుంది, కిందికి జారుతుంది, మధ్యలో ఒకసారి వణుకుతుంది. దీనికి దాదాపు మూడు రెట్ల శక్తి ఉన్న 5.56 రైఫిల్ ఇంతకంటే బుద్ధిగా కూర్చున్నట్టు అనిపిస్తుంది. అది భ్రమ కాదు. కారణం తూటాలో కంటే, దాని వెనక ముందుకూ వెనక్కీ కదిలే ఉక్కు దిమ్మె అయిన బోల్ట్‌లో ఎక్కువగా ఉంది. ఈ ఒక్క సంగతి సరిగ్గా అర్థమైతే ఏ భాగం కొనాలో, ఏది అనవసరమో చాలావరకు తేలిపోతుంది.

ముందుగా పోటీ ఏం అడుగుతుందో చూద్దాం. అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ (గురితో పాటు వేగాన్నీ లెక్కించే పోటీ) నడిపే యూఎస్‌పీఎస్ఏ 2016లో పీసీసీని ప్రయోగాత్మక డివిజన్‌గా మొదలుపెట్టింది. ఆ తర్వాత అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ కూడా దానికి చోటిచ్చింది. రెండు చోట్లా స్కోరు తక్కువ బలం తూటాలకు వాడే మైనర్ లెక్కలోనే: లక్ష్యం మధ్యలోని ఎ జోన్‌కు 5, సి జోన్‌కు 3, డి జోన్‌కు 1. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్. బలమైన తూటాలకు ఇచ్చే మేజర్ స్కోరులో సి జోన్‌కు 4 వస్తాయి, ఇక్కడ ఆ సౌకర్యం లేదు. కాబట్టి పీసీసీలో ఎ జోన్ వదిలేసి వేగంగా పోవడం నష్టమే. చుక్క ప్రతిసారీ అదే చోటికి తిరిగి వస్తుందనే నమ్మకం లేకపోతే షూటర్ ఆగి చూసుకోవాల్సి వస్తుంది. ఆ ఆగడంలోనే సమయం పోతుంది.

గడియ లేని తలుపు

ఎక్కువ పీసీసీలు పనిచేసేది స్ట్రెయిట్ బ్లోబ్యాక్ పద్ధతిలో. 5.56 రైఫిల్‌లో బోల్ట్ గుండ్రంగా తిరిగి బ్యారెల్‌కు తాళం పడుతుంది; గ్యాస్ ఒత్తిడి తగ్గాకే తెరుచుకుంటుంది. బ్లోబ్యాక్‌లో తాళమే ఉండదు. గడియ లేని తలుపుకు అడ్డంగా రోలు దొర్లించి పెట్టినట్టు, బోల్ట్ బరువే తూటా వెనక భాగాన్ని కాసేపు ఆపుతుంది. స్ప్రింగ్ ఆపుతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పేలిన మొదటి క్షణంలో స్ప్రింగ్ పాత్ర నామమాత్రమే. ఆపేది ద్రవ్యరాశి.

ఒక లెక్క వేసి చూడొచ్చు. 124 గ్రెయిన్ల బుల్లెట్ అంటే సుమారు 8 గ్రాములు. అది సెకనుకు 350 మీటర్ల వేగంతో ముందుకు పోతే ద్రవ్యవేగం 2.8. అంతే ద్రవ్యవేగం వెనక్కి బోల్ట్‌కు అందాలి. బోల్ట్, దాని వెనక ట్యూబ్‌లో కదిలే బరువు దిమ్మె బఫర్ కలిపి 600 గ్రాములుంటే అవి సెకనుకు సుమారు 4.7 మీటర్ల వేగంతో వెనక్కి బయల్దేరతాయి. వాటిలో ఉండే శక్తి సుమారు 6.5 జౌళ్లు. అదే 450 గ్రాములైతే వేగం 6.2 మీటర్లు, శక్తి 8.7 జౌళ్లు. ద్రవ్యవేగం మారలేదు, బరువు తగ్గింది, శక్తి పెరిగింది. ఏఆర్ తరహా (ఏఆర్-15 రైఫిల్ రూపంలో ఉండే) కార్బైన్‌లో స్ప్రింగ్ మొత్తం నొక్కుకుపోయేలోపు మింగగలిగేది సుమారు 3, 4 జౌళ్లు. మిగతాదంతా బఫర్ వెళ్లి ట్యూబ్ వెనక గోడను గుద్దినప్పుడు ఖర్చవుతుంది. భుజానికి తగిలే దెబ్బ అదే.

అంటే ఒక్క షాట్‌లో మూడు కదలికలు ఉన్నాయి. మొదటిది, తూటా పేలి బోల్ట్ వెనక్కి బయల్దేరడం. తాళం లేదు కాబట్టి తుపాకీ ఒంటికి అప్పటికి అందేది స్ప్రింగ్ ద్వారా వచ్చే మెత్తని తోపు మాత్రమే. రెండోది, బఫర్ వెనక్కి గుద్దుకోవడం. ఇదే అసలు తన్ను. చుక్క పైకి ఎగిరేది ఎక్కువగా ఇక్కడే. మూడోది, బోల్ట్ ముందుకు వచ్చి మూసుకోవడం. ఇది మూతిని కిందికి లాగుతుంది. తాళం పడే రైఫిల్‌లో ద్రవ్యవేగంలో పెద్ద భాగం మొదటి క్షణంలోనే తుపాకీ మొత్తానికీ పంచబడుతుంది. బ్లోబ్యాక్‌లో అది అప్పుగా నిలిచి, కాస్త ఆలస్యంగా, ఒక్కసారిగా వసూలవుతుంది. 9 ఎంఎం కార్బైన్ పెద్ద తూటా రైఫిల్ కంటే మొరటుగా అనిపించడానికి కారణం ఇదే.

ఈ మూడింటినీ విడివిడిగా చూడకపోవడం వల్లే డబ్బు వృథా అవుతుంది. చుక్క పైకి పోతోందని గట్టి స్ప్రింగ్ వేస్తారు. రెండో దెబ్బ కొంచెం తగ్గుతుంది, కానీ ఆ స్ప్రింగ్‌లో దాచుకున్న శక్తంతా మూడో దెబ్బగా తిరిగి వస్తుంది. ఇప్పుడు చుక్క పైకి పోవడం తగ్గి కిందికి ముంచుకుపోవడం పెరిగింది. కిందికి మునిగే చుక్కను చేత్తో దిద్దడం పైకి లేచే చుక్కను దిద్దడం కంటే కష్టం. చేతుల బలం, భుజం ఒత్తిడి అన్నీ అప్పటికే దాన్ని కిందికే నొక్కుతుంటాయి మరి.

తూటాతో మొదలు

సరిచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది మూతి దగ్గర గ్యాస్‌ను పైకి మళ్లించే కాంపెన్సేటర్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే అది బయటికి కనిపిస్తుంది. మొదలుపెట్టాల్సింది తూటాతో. బోల్ట్‌కు ఎంత ద్రవ్యవేగం అందుతుందో తేల్చేది తూటాయే. అది మారితే బఫర్ బరువు, స్ప్రింగ్, కాంపెన్సేటర్ అన్నిటి లెక్కా మళ్లీ మొదటికొస్తుంది.

పోటీలో తూటా బలాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో కొలుస్తారు. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెంటినీ గుణించి వెయ్యితో భాగించాలి. పీసీసీకి కనీసం 125 రావాలి. 147 గ్రెయిన్ల బుల్లెట్‌కు సెకనుకు 851 అడుగులు చాలు. 124కు 1009, 115కు 1087 అడుగులు కావాలి. మ్యాచ్‌లో షూటర్ దగ్గర తూటాలు తీసుకుని, బుల్లెట్‌ను తూచి, క్రోనోగ్రాఫ్ మీద వేగం చూస్తారు. 125 కంటే తగ్గితే షూట్ చేస్తూ పోవచ్చు గానీ స్కోరు ఉండదు. వాతావరణం, యంత్రానికీ యంత్రానికీ ఉండే తేడా కలిపి చూసుకుని 130 దగ్గర నిలబెట్టుకోవడం తెలివైన పని.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 124 గ్రెయిన్ల ఫ్యాక్టరీ తూటా కార్బైన్ బ్యారెల్ నుంచి సెకనుకు 1200 అడుగులు వెళ్తే పవర్ ఫ్యాక్టర్ 149 దాకా పోతుంది. 149 నుంచి 130కి దిగితే బుల్లెట్ ద్రవ్యవేగం తగ్గేది 13 శాతమే. కానీ బోల్ట్‌లోని శక్తి ద్రవ్యవేగపు వర్గంతో నడుస్తుంది కాబట్టి అది దాదాపు పావు వంతు పడిపోతుంది. ఏ ఖరీదైన బఫర్ అయినా ఒంటరిగా ఇంత మార్పు తేవడం కష్టం. పిస్టల్‌తోనూ పీసీసీతోనూ పోటీ పడేవాళ్లు రెంటికీ ఒకే తూటా వాడితే, పిస్టల్‌లో సరిగ్గా సరిపోయినది కార్బైన్‌లో అవసరానికి మించిపోతుంది. పొడవు బ్యారెల్ వేగాన్ని పెంచుతుంది.

బరువైన బుల్లెట్ మంచిదా, తేలికదా అన్న వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ సమానమైతే బుల్లెట్ ద్రవ్యవేగం సమానం. తేడా గ్యాస్‌లో ఉంటుంది. తేలిక బుల్లెట్‌కు తుపాకీ మందు ఎక్కువ పడుతుంది, గ్యాస్ ఎక్కువ వస్తుంది, కాంపెన్సేటర్‌కు పని దొరుకుతుంది. బరువైన బుల్లెట్‌కు మందు తక్కువ. చప్పుడూ గ్యాసూ తక్కువ. కాంపెన్సేటర్ లేని కార్బైన్‌కు 147 వైపు మొగ్గడం సబబు. ఉన్నదానికి 115 లేదా 124 ఒకసారి పరీక్షించి చూడాలి.

తూటాలు సొంతంగా లోడ్ చేసుకునేవాళ్లు మెత్తదనం మోజులో మందు తగ్గిస్తూ పోకూడదు. ప్రచురించిన లోడ్ పట్టికల హద్దులోనే ఉండాలి. పొడవు బ్యారెల్‌లో రాపిడి ఎక్కువ, మరీ బలహీనమైన తూటా బుల్లెట్ లోపలే ఇరుక్కుపోవచ్చు. చప్పుడు మామూలుగా కాకుండా మెత్తగా 'టప్'మంటే అక్కడికక్కడే ఆగి, ఖాళీ చేసి, బ్యారెల్ చూడాల్సిందే. టైమర్ నడుస్తోందని మరో తూటా వదిలితే బ్యారెల్ పగలొచ్చు.

బరువు, దూరం, స్ప్రింగ్

తూటా ఖాయమయ్యాక బోల్ట్, బఫర్ వంతు. రెండో దెబ్బను తగ్గించే దారులు మూడు: కదిలే బరువు పెంచడం, బోల్ట్ ప్రయాణించే దూరాన్ని సరిచేయడం, గుద్దుకునే క్షణాన్ని మెత్తగా సాగదీయడం.

బరువు పెంచితే వేగం తగ్గుతుందని పై లెక్కలోనే తేలింది. ఏఆర్ కుటుంబంలో మామూలు కార్బైన్ బఫర్ 3 ఔన్సులు; 9 ఎంఎం కోసం వాడేది 5.5 ఔన్సుల దాకా ఉంటుంది. అంతకంటే బరువైనవీ దొరుకుతాయి. కానీ దీనికీ హద్దుంది. బరువు మరీ పెరిగితే మెత్తని తూటా బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి తొయ్యలేదు. ఖాళీ తొడుగు సగంలో ఇరుక్కుంటుంది, చివరి తూటా తర్వాత బోల్ట్ వెనక నిలవదు. పైగా బరువైన బోల్ట్ మూసుకునేటప్పుడు మూడో దెబ్బ కూడా కొంచెం పెరుగుతుంది. అటువైపు హద్దు మరింత ముఖ్యం. బరువు తగ్గించి వేగంగా తిరిగేలా చేద్దామన్న ఆలోచన బ్లోబ్యాక్‌లో ప్రమాదకరం. గ్యాస్ ఒత్తిడి ఇంకా ఎక్కువగా ఉండగానే తొడుగు చాంబర్ నుంచి బయటికి వస్తుంది. దాని అడుగు ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. పరీక్ష రోజున నేల మీద పడిన ఖాళీ తొడుగుల్ని ఏరి చూడటం అందుకే. అడుగు భాగంలో ఉబ్బు కనిపిస్తే పరీక్ష అక్కడే ఆపి, బరువు పెంచాలి లేదా తూటా బలం తగ్గించాలి.

దూరం గురించి తక్కువమంది మాట్లాడతారు. ఏఆర్ బఫర్ ట్యూబ్ పొడవైన 5.56 తూటా కోసం పుట్టింది. 9 ఎంఎం తూటాకు అంత వెనక్కి పోవాల్సిన పని లేదు. అదనంగా పోయిన దూరం తిరిగి వచ్చేటప్పుడు వేగంగా మారి, చివరి తూటా తర్వాత బోల్ట్‌ను వెనక ఆపే బోల్ట్ క్యాచ్‌ను కొడుతుంది. అది విరగడం 9 ఎంఎం ఏఆర్‌లలో పాత ఫిర్యాదే. ట్యూబ్ వెనక స్పేసర్ పెట్టి ప్రయాణాన్ని కుదిస్తే క్యాచ్ బతుకుతుంది, చక్రం కూడా త్వరగా ముగుస్తుంది. మరీ కుదిస్తే బోల్ట్ క్యాచ్‌ను దాటి వెనక్కి పోలేదు. దాటాక కొద్దిపాటి దూరమే మిగిలేలా చూసుకోవాలి. ఇంత చవకలో ఇంత పనిచేసే భాగం మరొకటి లేదు.

మెత్తగా సాగదీసేవి హైడ్రాలిక్ బఫర్లు, లోపల జారే బరువులున్న డెడ్ బ్లో బఫర్లు. రుగర్ పీసీ కార్బైన్‌లో బోల్ట్‌లోపలే టంగ్‌స్టన్ డెడ్ బ్లో బరువు ఉంటుంది. బోల్ట్ ఆగిన క్షణం తర్వాత లోపలి బరువు వచ్చి తగులుతుంది కాబట్టి ఒకే పెద్ద దెబ్బ రెండు చిన్న దెబ్బలవుతుంది, బోల్ట్ ఎగిరిపడటమూ తగ్గుతుంది.

ఈ తంటా అంతా వద్దనుకుంటే పద్ధతే మార్చుకోవచ్చు. జర్మన్ సబ్‌మెషీన్ గన్ ఎంపీ5 1960ల నుంచి రోలర్లతో బోల్ట్‌ను ఆలస్యం చేస్తోంది. సిగ్ ఎంపీఎక్స్ గ్యాస్ పిస్టన్‌తో, తాళం పడే బోల్ట్‌తో నడుస్తుంది. సీఎంఎంజీ కంపెనీ తిరిగే బోల్ట్‌తో ఆలస్యం చేసే రేడియల్ డిలేడ్ పద్ధతి వాడుతుంది. వీటిలో బోల్ట్ తేలిక, రెండో దెబ్బ చిన్నది. ఖర్చు ఎక్కువ, విడిభాగాలు ప్రత్యేకం, మెత్తని తూటాలతో పేచీ పెట్టే అవకాశం ఉంది. బాగా సరిచేసిన బ్లోబ్యాక్‌కూ వీటికీ మధ్య తేడా కొత్త షూటర్ ఫలితాల్లో పెద్దగా కనిపించదనే చెప్పాలి. అనుభవం పెరిగాక కనిపిస్తుంది.

మార్పు ఒకసారికి ఒక్కటే. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పక్క నుంచి తీస్తే మూతి ఎప్పుడు లేస్తోందో, ఎప్పుడు ముంచుతోందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. లేవడం ఎక్కువైతే బరువు, ప్రయాణం చూడాలి. ముంచడం ఎక్కువైతే స్ప్రింగ్ తేలిక చేయాలి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

బ్యారెల్ మూతి దగ్గర

9 ఎంఎం మందు త్వరగా కాలిపోతుంది. 10, 12 అంగుళాలు దాటాక బ్యారెల్ పొడవు వల్ల వేగం పెద్దగా పెరగదు. అయినా అమెరికన్ కార్బైన్లు ఎక్కువగా 16 అంగుళాలతో ఎందుకొస్తాయంటే అక్కడి చట్టం అంతకంటే పొట్టి రైఫిల్ బ్యారెల్‌ను వేరే వర్గంలో పెడుతుంది. పోటీదారులు పొట్టి బ్యారెల్‌కు పొడవాటి కాంపెన్సేటర్‌నో ఖాళీ గొట్టాన్నో శాశ్వతంగా వెల్డ్ చేయించి ఆ కొలత పూర్తి చేస్తారు. ముందు భాగం తేలికవుతుంది, లక్ష్యం నుంచి లక్ష్యానికి తిప్పడం సులువవుతుంది. కాంపెన్సేటర్‌కు అందే గ్యాస్ ఒత్తిడి కూడా ఎక్కువగా ఉంటుంది. 16 అంగుళాల నిజమైన బ్యారెల్ చివర బిగించిన కాంపెన్సేటర్‌కు మిగిలేది చల్లారిన గ్యాసే; అక్కడ అది చేసేది తక్కువ, చప్పుడే ఎక్కువ. ఏదైనా బిగించాక బుల్లెట్ దారి సూటిగా ఉందో లేదో చూడకుండా కాల్చకూడదు.

చుక్క ఎత్తు

ఏఆర్ తరహా కార్బైన్‌లో రెడ్ డాట్ బ్యారెల్ మధ్య రేఖకు 66 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. 25 మీటర్లకు జీరో చేసి (అక్కడ తూటా చుక్క మీదే తగిలేలా సరిచేసి), బుల్లెట్ వేగం సెకనుకు 335 మీటర్లు అనుకుంటే, 10 మీటర్ల దగ్గర తూటా చుక్కకు 3 సెంటీమీటర్లకు పైగా కిందికి తగులుతుంది. 5 మీటర్ల దగ్గర దాదాపు 5 సెంటీమీటర్లు. 50 మీటర్ల దగ్గర మళ్లీ చుక్క మీదే ఉంటుంది. 100 మీటర్లకు 15 సెంటీమీటర్లకు మించి పడుతుంది. పోటీలో ఎక్కువ లక్ష్యాలు 50 మీటర్లలోపే కాబట్టి 25 జీరో చక్కగా సరిపోతుంది.

చిక్కు దూరంలో కాదు, దగ్గర్లో. యూఎస్‌పీఎస్ఏ లక్ష్యంలో తల భాగపు ఎ జోన్ ఎత్తు 2 అంగుళాలే, అంటే సుమారు 5 సెంటీమీటర్లు. 5 మీటర్ల దూరంలో దాని మధ్యకు గురి పెడితే తూటా ఎ జోన్‌కు కింద తగులుతుంది. ఆ కింద కాల్చకూడని నో షూట్ లక్ష్యం ఉంటే పెనాల్టీ కూడా. గోడ అంచు మీదుగా కాల్చేటప్పుడు ఇంకో ఇబ్బంది: అద్దంలో లక్ష్యం స్పష్టంగా కనిపిస్తుంది, బ్యారెల్ మాత్రం ఇంకా గోడ వెనకే ఉంటుంది. పిస్టల్ నుంచి వచ్చినవాళ్లు అందరూ కనీసం ఒకసారి ఈ తప్పు చేస్తారు. 5, 7, 10 మీటర్ల దగ్గర కాగితం మీద కాల్చి, ఎంత తేడా వస్తోందో కళ్లతో చూసి గుర్తుపెట్టుకోవడం తప్ప దీనికి మందు లేదు.

చుక్క పరిమాణం విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. 6 ఎంఓఏ (చుక్క పరిమాణాన్ని చెప్పే కోణపు కొలత) చుక్క 25 మీటర్ల దగ్గర సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు కప్పుతుంది, వేగానికి బావుంటుంది. 2, 3 ఎంఓఏ దూరపు స్టీల్ ప్లేట్లకు నయం.

ట్రిగ్గర్, మ్యాగజైన్, స్టాక్

ట్రిగ్గర్‌ను ఎక్కువమంది ముందు మారుస్తారు. చివర మార్చడమే మంచిది. బ్లోబ్యాక్ బోల్ట్ హ్యామర్‌ను గట్టిగా కొడుతుంది. రైఫిల్ కోసం చేసిన సున్నితమైన ట్రిగ్గర్ దాన్ని తట్టుకోకపోవచ్చు, పిన్నులు జరగొచ్చు. 9 ఎంఎం కోసం చేసినదే కొనాలి, జరగని పిన్నులు వేయాలి. హ్యామర్ స్ప్రింగ్ మరీ తేలికైతే తూటా అడుగున ఉండే ప్రైమర్లు గట్టివైనప్పుడు పేలవు. ఒక్క నొక్కుకు రెండు తూటాలు వెళ్తే అది మ్యాచ్ నుంచి పక్కకు తీయాల్సిన తుపాకీ. తెలిసిన గన్‌స్మిత్ చూసేదాకా మళ్లీ లోడ్ చేయకూడదు.

మ్యాగజైన్ల మీద ఆదా చేయడం మాత్రం ఏ కోణంలో చూసినా లాభం లేని పని. 32 తూటాల స్టేజ్‌లో (మ్యాచ్‌లో ఒక అంకం) 160 పాయింట్లను 16 సెకన్లలో తెచ్చుకుంటే హిట్ ఫ్యాక్టర్ 10. ఒక్క జామ్ 4 సెకన్లు తింటే అది 8కి పడిపోతుంది. కాంపెన్సేటర్ వల్ల జంట షాట్ల మధ్య సెకనులో రెండు వందో వంతుల చొప్పున మిగిలినా, 16 లక్ష్యాలకు కలిసొచ్చేది మూడో వంతు సెకను. ఒక్క జామ్ డజను స్టేజ్‌ల కాంపెన్సేటర్ లాభాన్ని మింగేస్తుంది. మ్యాగజైన్లకు నంబర్లు వేసి, ఏది ఎప్పుడు ఆగిందో రాసుకుంటే దోషి రెండు మూడు మ్యాచ్‌లలో దొరికిపోతుంది. పొడిగించిన బేస్ ప్యాడ్‌లలో స్ప్రింగ్‌లు త్వరగా అలసిపోతాయి.

భుజానికి ఆనే స్టాక్ మిలిటరీ ఫొటోల్లో కంటే పొట్టిగా ఉంటే మేలు. ఛాతీ లక్ష్యానికి ఎదురుగా, మోకాళ్లు కొంచెం వంచి, బరువు ముందు పాదాల మీద ఉండే నిలబడ్డ తీరుకు పొడవు స్టాక్ అడ్డం. ముందు చెయ్యి ఎంత ముందుకు పోతే మూతి అంత అదుపులో ఉంటుంది. హ్యాండ్ స్టాప్ ఆ చేతికి ప్రతిసారీ ఒకే చోటు గుర్తుచేస్తుంది. యూఎస్‌పీఎస్ఏలో మామూలు ప్రారంభం స్టాక్ బెల్ట్‌కు తాకుతూ, సేఫ్టీ వేసి ఉండగా. కాబట్టి స్టాక్ మడమ చొక్కాకు తట్టుకోకుండా భుజానికి చేరుతుందా, సేఫ్టీ బొటనవేలికి వెతక్కుండా అందుతుందా అన్నది ఇంట్లో ఖాళీ తుపాకీతోనే తేల్చుకోవాలి. కాల్చే వరుస నుంచి బయటికి రాకముందే చాంబర్ ఖాళీ అని చూపే చాంబర్ ఫ్లాగ్ పెట్టాల్సిందే, కాబట్టి అది మ్యాచ్ సంచిలో రెండుంటే మంచిది.

బ్లోబ్యాక్ మురికి యంత్రం. ప్రతి షాట్‌లోనూ కొంత మసి చాంబర్ వైపు తిరిగొస్తుంది. ఖాళీ తొడుగును లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద, చాంబర్ అంచున, బోల్ట్ ముఖం మీద పేరుకుంటుంది. బఫర్ మార్చినా, స్ప్రింగ్ మార్చినా, తూటా మార్చినా శుభ్రమైన తుపాకీతో ఒకసారి, శుభ్రం చేయకుండా మ్యాచ్ అంత కాల్చాక ఒకసారి పరీక్షించాలి. అన్ని మ్యాగజైన్లూ మార్చి మార్చి 200 తూటాలు ఒక్క ఆటంకం లేకుండా వెళ్లేదాకా ఆ మార్పు ఇంకా పరీక్షలోనే ఉన్నట్టు. మ్యాచ్‌కు పాత బఫర్‌తోనే వెళ్లాలి.